ముసురు పడితే మోకాళ్లు ఎందుకు సలుపుతాయి?

ముసురు పట్టగానే మోకాళ్లు సలుపుతాయనడం ఉత్త చాదస్తం కాదు. 2019లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో రెండున్నర వేలమందికి పైగా తమ నొప్పిని రోజూ ఫోన్‌లో నమోదు చేశారు. గాలిలో తేమ పెరిగి, పీడనం తగ్గి, ఈదురుగాలి వీచిన రోజుల్లో నొప్పి కాస్త ఎక్కువైంది. కాస్తే సుమా! ఊరు మారినంత మాత్రాన అరిగిన కీలు బాగుపడదు.

చలికాలం పొద్దున మంచం దిగకముందే మోకాళ్లను పదిసార్లు మెల్లగా మడిచి చాపండి. వేడినీళ్ల సంచికి తువ్వాలు చుట్టి 15 నిమిషాలు కాపడం పెట్టండి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు ముందు మోచేతికి ఆనించి చూసుకోవాలి, లేదంటే బొబ్బలెక్కేదాకా తెలీదు. కీలు ఎర్రగా వాచి ఉంటే కాపడం వద్దు. పొద్దుటి బిగుతు గంటకు పైగా వదలకపోతే వాతావరణాన్ని తిట్టుకోవడం మాని కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) పరీక్ష చేయించుకోండి.

నల్లగొండ ప్రాంతంలో ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగినవాళ్లు మాత్రం గాలితో పాటు నీళ్లనూ అనుమానించాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతినవచ్చు. ముదిరితే మెడ, నడుము బిగుసుకుపోతాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.