ముందు రైఫిల్, ఆ తర్వాతే మందు: .223తో నా అనుభవం

పొలాన్ని గుల్ల చేసే చిన్న జంతువుల కోసం వాడే రైఫిల్‌కి గురి అంటే పిడికిలంత లక్ష్యం, 200 గజాల దూరం. నాది .223 రెమింగ్టన్ తూటాకి చేసినది: బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే రకం), బరువైన బారెల్, 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్ (గుండును తిప్పే బారెల్ లోపలి మెలిక గాళ్లు). కొన్న తూటాలతో 100 గజాల్లో ఐదు గుండ్ల గ్రూపు (రంధ్రాలన్నీ పడిన మేర) అంగుళంన్నర దగ్గరే ఆగిపోయింది. దాన్ని ముప్పావు అంగుళానికి దించేటప్పుడు ఏ పని ఎంత పనికొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. అందులో సగానికి పైగా, రీలోడింగ్ ప్రెస్ (పేలిన తూటాను మళ్లీ తయారుచేసే యంత్రం) బల్లకి బిగించకముందే వచ్చింది.

మొదట చూసింది బారెల్‌కీ స్టాక్‌కీ (రైఫిల్ చెక్క భాగానికీ) మధ్య సందు. ఒక కాగితం ముక్కను బారెల్ కింద దూర్చి చాంబర్ (తూటా కూర్చునే గది) దాకా లాగితే, కొస దగ్గరే ఇరుక్కుంది. అంటే బారెల్ వేడెక్కి కదిలిన ప్రతిసారీ చెక్క దాన్ని ఓ పక్కకి నెడుతోందన్నమాట. గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి ఆ గాడిని అరగదీశాను. పచ్చి చెక్క బయటపడ్డ చోట వార్నిష్ పూయడం తప్పనిసరి. లేకపోతే చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, సందు మళ్లీ మూసుకుపోతుంది.

తర్వాత యాక్షన్‌ని, అంటే బోల్ట్ కదిలే లోహపు భాగాన్ని, స్టాక్‌కి బిగించే స్క్రూలు. బారెల్, స్టాక్ కలిసే చోట వేలు ఆనించి ముందు స్క్రూ మెల్లగా వదులు చేయాలి. అక్కడ కదలిక వేలికి తెలిసిందంటే, బిగించినప్పుడు యాక్షన్ వంగుతోందని అర్థం. నాది వంగింది. అల్యూమినియం పిల్లర్లు పెట్టి ఎపాక్సీతో బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునే పడక) చేయాల్సి వచ్చింది. ఇందులో రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. లోహానికి రిలీజ్ ఏజెంట్ ఒక్క చోట పూయకపోయినా యాక్షన్ స్టాక్‌కి శాశ్వతంగా అతుక్కుపోతుంది. రెండోది, రీకాయిల్ లగ్ (పేలినప్పటి తన్నును స్టాక్‌కి అందించే లోహపు దిమ్మ) నాలుగు వైపులా ఎపాక్సీని తాకడం. లగ్ వెనక ముఖం ఒక్కటే ఆనాలి. ముందు, పక్కలు, అడుగు భాగాలకు టేపు అంటించి పోస్తే, టేపు తీశాక ఆ మేర సందు మిగులుతుంది. స్క్రూలను తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించి, ఆ అంకె స్టాక్ లోపల రాసి పెట్టాను.

స్కోప్ రింగ్ స్క్రూలకు 15 నుంచి 20 అంగుళం-పౌండ్ల టార్క్ చాలు. అంతకు మించితే ట్యూబు నొక్కుకుపోతుంది. బేస్ స్క్రూల మరల్లో ఉన్న నూనె తుడిచి బిగించాలి. బారెల్ మూతి దగ్గర దూదిపుల్లను లోపలి నుంచి బయటికి తిప్పితే, ఏ పోగు చిక్కుకుంటుందో అక్కడ నొక్కు ఉన్నట్టే. శుభ్రం చేసేది ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే, బోర్ గైడ్ పెట్టి. రాగి ద్రావకం వేసిన గుడ్డ నీలం మానేదాకా ఆపలేదు. ఇంతవరకు వచ్చేసరికి అవే తూటాలు అంగుళం దగ్గరికి దిగాయి.

ఇక తూటా. గుండు ఎంపికను నిర్ణయించేది రైఫ్లింగ్ చుట్టు. 12 అంగుళాల చుట్టుకు 50, 55 గ్రెయిన్ల (గుండు, మందు తూచే కొలత) చదును అడుగు గుండ్లు బాగా నప్పుతాయి. 69 గ్రెయిన్ల పొడవు గుండు దీనిలో నిలదొక్కుకోదు, కాగితం మీద రంధ్రం అడ్డంగా పడుతుంది. దీనికి తలకిందులైన సమస్య కూడా ఉంది. సెకనుకు 3,300 అడుగుల వేగంతో వెళ్లే గుండు 12 అంగుళాల చుట్టులో నిమిషానికి సుమారు 1,98,000 సార్లు తిరుగుతుంది, 8 అంగుళాల చుట్టులో అయితే 2,97,000 సార్లు. పల్చటి జాకెట్ (పై లోహపు తొడుగు) ఉన్న, చిన్న జంతువుల కోసం చేసిన వార్మింట్ గుండు ఆ రెండో వేగానికి దారిలోనే చీలిపోయే ప్రమాదం ఉంది. టార్గెట్ మీద అసలు రంధ్రమే కనపడకపోతే తప్పు గురిదే అనుకోనక్కర్లేదు.

కేసులు (మందు, గుండు పట్టే తూటా గొట్టాలు) అన్నీ ఒకే తయారీవి, అన్నీ ఒకే సంఖ్యలో సార్లు పేలినవి వాడాను. సైనిక కేసులు పక్కన పెట్టాను. వాటి ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) గుంత అంచు నొక్కి ఉంటుంది, అది తీయందే కొత్త ప్రైమర్ సరిగా దిగదు.

సైజింగ్‌లోనే, అంటే పేలిన కేసును డై అనే అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తేవడంలోనే, నాకు ఎక్కువ పాఠాలు దొరికాయి. డైని షెల్ హోల్డర్‌కి (ప్రెస్‌లో కేసు అడుగును పట్టే ముక్కకి) తగిలించి ఇంకాస్త బిగించమని చెప్పే పద్ధతిని గుడ్డిగా పాటిస్తే, నా చాంబర్‌కి కేసు భుజం (మెడ వైపు సన్నబడే చోటు) ఆరేడు థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) వెనక్కి పోతోంది. పేలిన ప్రతిసారీ కేసు అంతమేర సాగుతుంది, సాగే చోటు అడుగుకి కాస్త పైన. అక్కడ మెరిసే గీత కనిపిస్తే కేసు పారేయాల్సిందే. చివర వంచిన సన్నటి తీగతో లోపల గీరితే పల్లం చేతికి తగులుతుంది. కంపారేటర్ అనే కొలత సాధనంతో కొలిచి, భుజం 1 నుంచి 2 థౌలు మాత్రమే వెనక్కి పోయేలా డై సరిచేశాను. లూబ్ (కేసుకి పూసే జారుడు పదార్థం) తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి. కేసు పొడవు 1.760 అంగుళాలు దాటకూడదు, నేను 1.750కి కోస్తాను. పొడవు మిగిలితే కేసు మూతి చాంబర్ కొసన నొక్కుకుని గుండును వదలదు, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

ప్రైమర్ స్మాల్ రైఫిల్ రకమే. స్మాల్ పిస్టల్ ప్రైమర్ గుంతలో పట్టినా దాని రేకు పల్చన, ఈ ఒత్తిడికి చిల్లి పడుతుంది. చేతి పరికరంతో, గుంత అడుగు తగిలే దాకా దించాలి. వేలితో తడిమితే ప్రైమర్ కేసు అడుగుకన్నా ఒక వెంట్రుక లోతులో ఉండాలి.

మందు పరిమాణం ఇక్కడ రాయను. మీ గుండు, మీ మందు పేరుతో తయారీదారు అచ్చేసిన తాజా పట్టికే ఆధారం, ఇంకొకరి రైఫిల్‌కి సరిపోయిన అంకె కాదు. కనిష్ఠం నుంచి మొదలుపెట్టి 0.2 గ్రెయిన్ల చొప్పున పెంచాను, పట్టికలోని గరిష్ఠం దాటలేదు. బోల్ట్ బిగుతుగా లేచినా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసే భాగం) గుర్తు పడినా అక్కడే ఆగాలి. ఆ గుర్తులు లేనంత మాత్రాన ఒత్తిడి తక్కువని కాదు. గుండు, ప్రైమర్, కేసు వీటిలో ఏది మారినా మళ్లీ కింది నుంచే. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. కేసును సగానికి పైగా నింపే మందు ఎంచుకుంటే, పొరపాటున రెండోసారి పోసినా పొంగి కనపడుతుంది. ఫ్యాను గాలి తగిలితే తక్కెడ 0.1 గ్రెయిన్ అటూ ఇటూ ఊగుతుంది, అందుకే ప్రతి పది తూటాలకు తూకపు రాయి పెట్టి చూస్తాను.

గుండు కూర్చునే లోతును కొన నుంచి కొలవకూడదు, కొనలు ఒకదానితో ఒకటి సరిపోవు. కంపారేటర్‌తో గుండు పక్క వంపు దగ్గర కొలిచి, రైఫ్లింగ్‌కి 20 థౌల దూరంలో మొదలుపెట్టాను. గుండు రైఫ్లింగ్‌ని తాకితే ఒత్తిడి పెరుగుతుంది. మ్యాగజైన్‌లో పట్టాలంటే మొత్తం పొడవు 2.260 అంగుళాల లోపే ఉండాలి కాబట్టి ఆడుకోవడానికి ఎక్కువ చోటు కూడా లేదు.

కేసులు తూచి వేరుచేయడం, వాటి మెడలు చెక్కడం కూడా చేశాను. 100 గజాల్లో అది కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అసలు పొరపాటు ఫలితాన్ని చదవడంలో ఉంది. మూడు గుండ్ల గ్రూపు అబద్ధం చెబుతుంది. 0.2 గ్రెయిన్ల తేడా ఉన్న రెండు లోడ్లలో (మందు కొలతల్లో) ఒకటి 0.6, ఇంకోటి 0.7 అంగుళాలు వస్తే అది తేడా కాదు, మర్నాడు తారుమారు అవుతుంది. బారెల్ చల్లారనిస్తూ ఒక్కో లోడ్‌తో పది గుండ్లు కాల్చి, రెండు టార్గెట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసేదాకా దేన్నీ నమ్మలేదు. 200 గజాలకు వెళ్లాక ఈ లెక్కలన్నిటినీ గాలి మింగేస్తుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 55 గ్రెయిన్ల గుండును నాలుగు అంగుళాలు అటూ ఇటూగా పక్కకి నెడుతుంది. అందుకని 50 గజాల దగ్గర ఒకటి, 150 దగ్గర ఒకటి రిబ్బన్లు పాతుకుని, రెండూ ఒకే తీరుగా ఊగుతున్నప్పుడే ట్రిగ్గర్ నొక్కుతున్నాను.