ట్రస్టు షాపు బట్టలు, రెండు బొంతలు: ఏడు నెలల లెక్క

పాత బట్టలు, సామాన్లు షాపుకు ఇచ్చుడు, అక్కడ్నే కొనుడు సంక్రాంతి అయినంక మొదలువెట్టిన, ఇప్పుడు శ్రావణం నడుస్తున్నది. హన్మకొండల మా ఇంటికి దగ్గర్నే ఒక ట్రస్టు వాళ్ళ చిన్న షాపు ఉన్నది, జనం ఇచ్చిన పాత బట్టలు, గిన్నెలు, పుస్తకాలు తక్కువకు అమ్మి ఆ పైసలతోని ముసలోళ్ళకు మందులు కొంటరు. ఇప్పటిదాక నేను కొన్నవి 11 వస్తువులు, మొత్తం 1,260 రూపాయలు: కాటన్ చీరలు 4, బెడ్‌షీట్లు 2, కుర్తాలు 2, ఒక జంపఖానా, ఒక ఇత్తడి గిన్నె, 3 లీటర్ల కుక్కర్ ఒకటి. ఇచ్చినవి 43.

ఇచ్చుడు గురించే ముందు చెప్త, ఎందుకంటే నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడ్నే. ఇదివరకు మా ఇంట్ల పాత బట్టలన్నీ స్టీలు సామాన్లోళ్ళకే పోయేటియి, సంచెడు బట్టలిస్తే ఒక గిన్నె, మా అత్తమ్మ బేరం ఆడితే గిన్నె మీద మూత గూడ వచ్చేది. షాపుకు మొదటిసారి 16 బట్టలు తీస్కపోయిన. కౌంటర్ల కూసునే అక్క నా ముందటనే ఒక్కొక్కటి విప్పి, చంకల కాడ కుట్లు, జిప్పులు, గుండీలు చూసి 6 మాత్రం రాక్ మీద పెట్టి 10 పక్కకు వెట్టింది. షర్టుకు ఒక్క గుండీ లేకపోయినా అది అమ్ముడుపోదట, వాళ్ళ దగ్గరేమో కుట్టే మనిషి లేరు, అందుకే బంగారమసొంటి షర్టు గూడ గుడ్డపీలికల మూటలకే పోతది. బీరువాల ఏండ్లకొద్దీ పెట్టిన చీరలకు కలరా ఉండల వాసన, అది గూడ ఎవ్వరూ కొనరు. నాకు ఆ దినం చానా బాధనిపించింది, ఇచ్చినమన్న సంబురమే గని తీస్కున్నోళ్ళకు ఎంత పని పెట్టినమో నేనెప్పుడూ ఆలోచించలే.

అప్పట్నుంచి ఇచ్చే ముందు ఆదివారం పొద్దున నానబెట్టి ఉతికి ఎండల ఆరేసుడు, సాయంత్రం గుండీలు కుట్టుడు. పనికిరాని షర్టుల గుండీలన్నీ కత్తిరించి ఒక డబ్బాల వేస్తున్న, దాంట్లకెల్లే తీసి కుడ్త. చీరకు జాకెటు, లంగ పిన్నీసుతోని కలిపి పెడ్త, చెప్పులు జతకు జత తాడుతోని కడ్త. స్కూలు యూనిఫాంలు మే నెలల్నే ఇయ్యాలె, జూన్‌ల బడులు తెరిచినంక ఇస్తే సంవత్సరమంతా మూలకే పడి ఉంటయ్. స్వెటర్లు దీపావళి కన్న ముందు.

మరి చినిగిన కాటన్ ఏంజెయ్యాలె అంటే దానికి గూడ దారి ఉన్నది. గూంజ్ అని ఢిల్లీల అంశు గుప్తా 1999ల మొదలువెట్టిన సంస్థ పాత కాటన్ గుడ్డతోని ఆడోళ్ళకు నెలసరి ప్యాడ్లు తయారు చేయిస్తది, ఊర్లల్ల బాయి తవ్వుడో బాట వేసుడో చేసుకున్నోళ్ళకు ఆ కష్టానికి బట్టలిస్తది, దానం లెక్క కాదు. ఆయనకు 2015ల మెగసెసే అవార్డు వచ్చింది. అది చదివినంకనే ఆ పక్కకు వెట్టిన 10ల మెత్తటి కాటన్‌వి తిరిగి ఇంటికి తెచ్చుకున్న, బొంతలకు లోపల అతుకులు వెయ్యనీకి.

కొన్నవాటిల నాకు అన్నిటికన్న ఇష్టం జంపఖానా, 150 రూపాయలు. వరంగల్ల కొత్తవాడ మగ్గం పనే, మన వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకు, 2018ల జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి పనితనమే అని సర్కారు వేసే ముద్ర) గూడ వచ్చింది గద. ఒక కొసకు దారాలు ఊడిపోతున్నయ్, నాలుగు నాలుగు పడుగు దారాలు కలిపి ముడేసుకుంట పోయిన, ఒక్క సాయంత్రం పని, ఇప్పుడు మా హాల్ల ఉన్నది. కుక్కర్ 220, కని గ్యాస్కెట్టు, సేఫ్టీ వాల్వు కొత్తవి వేసి వట్టి నీళ్ళతోని రెండు విజిళ్ళు పెట్టి చూసినంకనే వండిన, పాత కుక్కర్ కొంటే ఈ రెండు మార్చకుండ పొయ్యి మీద పెట్టొద్దు. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించాలె ఇంకా, అప్పటిదాక పులుసు వండ.

బొంత లెక్క: చీర ఐదున్నర మీటర్లు ఉంటది, మూడు మడతలేస్తే ఆరడుగుల పొడుగు వస్తది, ఒక మనిషికి సరిపోతది. అట్ల రెండు చీరలు, ఆరు పొరలు. మూడో చీర వేస్తే సూది దిగదు. కాటనా కాదా అని అనుమానముంటే అంచుల ఒక పోగు గుంజి అంటువెట్టాలె, కాటన్ అయితే కాయితం కాలినట్టు వాసనొచ్చి బూడిదైతది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ అయితది. మొదటి బొంత ఒక అంచు నుంచి కుట్టుకుంట వచ్చిన, ఇవతల అంచుకు వచ్చేసరికి గుడ్డంతా ముడతలు వచ్చి గుట్టవడ్డది, తొమ్మిది వరుసలు విప్పిన. మధ్యల నుంచి రెండు దిక్కులకు కచ్చాకుట్టు వేసి, తర్వాత రెండు వేళ్ళ ఎడంతోని వరుసలు కుట్టాలట, మా అత్తమ్మ విప్పినంక చెప్పింది. మెరూన్ చీర రంగు దిగి పక్క చీరకు అంటింది గూడ, అందుకే ఇప్పుడు కుట్టకముందే నీళ్ళు తేటగ వచ్చేదాక ఉతుకుతున్న. రాత్రి గంట చొప్పున మూడు వారాలు పట్టింది. అది షాపుకే ఇచ్చిన, 250 చీటీ పెట్టిన్రు, ఆ వారమే కాజీపేట నుంచి వచ్చిన ఒక అవ్వ మనుమని కోసమని కొన్నదట.

రెండోదానికి ఇంకా 14 వరుసలున్నయ్. అంచుకు పట్టీ వెయ్యనీకి ముదురు రంగు కాటన్ చీర ఒకటి కావాలె, శనివారం కొత్త మూటలు విప్పుతరట, పొద్దుగాల్నే పోత.