గడీసర్ గట్టు మీద రెండు ఉదయాలు

ఆదివారం, బెంగళూరు.

ఉదయం ఆరింటికే నీళ్ల ట్యాంకర్ వచ్చి మా అపార్ట్‌మెంటు సంపు నింపుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. కాఫీ కలుపుకుని, జనవరిలో అమ్మను తీసుకువెళ్లబోతున్న రాజస్థాన్ ఎడారి ఊరు జైసల్మేర్‌లో ఏ రోజు ఏం చూడాలో రాసుకోవడానికి కూర్చున్నాను. అక్కడికి వెళ్లివచ్చినవాళ్లు ఎవరైనా కోటతోనే మొదలుపెట్టమంటారు. నేను మాత్రం మొదటి ఉదయానికి గడీసర్ చెరువు అని రాశాను. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట జనం ఏ నీళ్లు తాగి బతికారో తెలుసుకోకుండా, అక్కడి మేడల చెక్కడాన్ని చూసి మురిసిపోవడం నాకు సగం చూపుగానే తోస్తుంది.

భాటీ వంశీయుడైన రావల్ జైసల్ 1156లో త్రికూట గుట్ట మీద ఆ ఊరికి పునాది వేస్తే, 14వ శతాబ్దంలో గడ్సీ సింగ్ ఈ చెరువును బాగు చేయించాడు కాబట్టి అతని పేరే దానికి నిలిచింది. కొళాయిలు వచ్చేదాకా ఊరి దాహం తీర్చినది ఆ వాన నీళ్లే. ఇప్పుడు ఇందిరా గాంధీ కాలువ నీళ్లు కూడా అందులోకి చేరుతున్నాయి. చెరువుకు వెళ్లే దారిలో ఉన్న పసుపు రాతి ద్వారాన్ని తిలోన్ అనే వేశ్య కట్టించిందని, ఆమె కట్టించిన ద్వారం కింద నడవడం రాజుకు తగదని అభ్యంతరం వస్తే, ఎవరూ కూల్చడానికి వీల్లేకుండా దాని మీద కృష్ణుడి గుడి కట్టించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఈ కథ చదివి వినిపిస్తే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చెయ్యి ఆపింది. "మన ముసలమ్మ ప్రాణమిచ్చి కట్ట నిలబెట్టింది, ఈ తల్లి దేవుణ్ని పెట్టి వాకిలి నిలబెట్టుకుండాది పాపా" అంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరిని కాపాడడానికి బలైన ముసలమ్మ అనే కోడలి కథ అమ్మ నా చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది. ఆ చెరువుదీ 14వ శతాబ్దమే, బుక్కరాయల కాలం. ఇంత దూరాన ఉన్న రెండు కరువు సీమలు ఒకే శతాబ్దంలో చెరువుల మీద ఇంత శ్రద్ధ పెట్టాయన్న ఊహ నన్ను చాలాసేపు వదలలేదు. "అది నిండితే మరవ యాడ పారుతుంది?" అని అమ్మ అడిగింది. అక్కడ చూడవలసిన వాటిలో మొట్టమొదట అదే, నిండిన చెరువు మిగులు నీళ్లు బయటికి పారే ఆ మరవనే, రాసుకున్నాను.

కోట లోపలే గది తీసుకుందామని మావారు అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. 2013లో రాజస్థాన్‌లోని మరో ఐదు గిరిదుర్గాలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ కోటలో నేటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. బిందె నీళ్లు పొదుపుగా వాడుకునే రోజుల్లో కట్టిన ఆ గోడల మధ్యకు కొళాయిలు, హోటళ్ల స్నానాల గదులు వచ్చాక, మురుగునీరు గుట్టలోకి ఇంకి, కొన్ని గోడలూ బురుజులూ కూలాయి. ఎడారి కోటను నీళ్లే కూల్చడం నా మనసును కలచివేసింది. గది కోట కింద ఊళ్లోనే తీసుకున్నాము. లోపలి జైన ఆలయాలకు, తాళపత్ర గ్రంథాలు దాచిన జ్ఞాన భాండాగారానికి ఉదయం పూట నడిచి వెళ్తాము.

పట్వా వర్తకుల ఐదు హవేలీలకు, అంటే చెక్కడపు మేడలకు, ఒక మధ్యాహ్నం సరిపోతుంది. హాథీ, లాలూ అనే అన్నదమ్ములు చెరొక సగం చెక్కిన నథ్‌మల్ హవేలీ దగ్గర మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే కుడి ఎడమలు చూడగానే ఒకేలా ఉన్నట్టు కనిపించినా చెక్కడాల్లో తేడాలున్నాయి. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలి వెళ్లిపోయిన కుల్‌ధరాకు దయ్యాల కథల కోసం వెళ్లడం నాకు నచ్చదు; ఇసుక నేలలో వాన నీటిని నిలిపి గోధుమ పండించిన రైతుల ఊరిగా దాన్ని చూడాలని ఉంది.

సాయంత్రం అత్తయ్యను అనంతపురం బస్సు ఎక్కించడానికి మెజెస్టిక్ వెళ్లాము. ఈ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువని చెబితే, అమ్మ ప్లాట్‌ఫారాల మధ్య నిలబడి "కట్ట ఏ పక్కనుండేది?" అని అడిగింది. చూపించలేకపోయాను.

ఇంటికి వచ్చాక నా కాగితం తీసుకుని చదివి, గడీసర్‌కు ఒక్క ఉదయం చాలదని చెప్పింది. సమ్ ఇసుక తిన్నెల ప్రయాణం కొట్టేసి, అక్కడ గడీసర్ అని రెండోసారి రాశాను.