ముందున్నదీ ఉచితమే

మా షాపు చిక్కడపల్లిలో, సిటీ సెంట్రల్ లైబ్రరీకి రెండు సందుల అవతల. గ్రూప్స్‌కి చదివే పిల్లలు హాల్ టికెట్ ప్రింట్లకీ, మెటీరియల్ జిరాక్సులకీ వస్తారు. ముహూర్తాలుంటే శుభలేఖలు. మూడు సిస్టమ్‌లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషను, నేను.

2025లో దసరాకీ దీపావళికీ మధ్య, అక్టోబర్ 14న, మా సిస్టమ్‌లలో ఉన్న విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది. ఇంకో ఏడాది పొడిగించుకునే దారి ఇచ్చారు గానీ, ఆ తర్వాతైనా ఏం చేస్తాం? విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే తీసుకుంటుంది. మావి నాలుగు, ఆరు. బంగారంలా పనిచేస్తున్న మిషన్లను పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పలేదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ సిస్టమ్‌లలో ఉన్న విండోస్‌ని నేనెప్పుడూ కొనలేదు. అసెంబుల్ చేసిన అబ్బాయి "అన్నీ వేసిచ్చాను మేడం" అన్నాడు, నేనూ ఏమీ అడగలేదు. అందుకే విండోస్ వదిలి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఎందుకు మారావంటే "ఉచితం కదా" అని చెప్పలేను. ముందున్నదీ ఉచితమే. కాకపోతే దొంగది. తెర మీద అప్‌డేట్ అన్న మాట కనిపిస్తే చాలు, ఏం ఆగిపోతుందోనని టెన్షన్.

మా మేనల్లుడు లినక్స్‌లో ఒక రకమైన మింట్ వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చాడు. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు అత్తా అన్నాడు. ఒక ఆదివారమంతా అలాగే నడిపాను. మర్నాడు ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి, హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీలు రెండు కొనుక్కొచ్చాం. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయట. అంతకుమించి నాకు అక్కర్లేదు.

మొదటి గండం ప్రింటర్. ఒకటి కేబుల్ పెట్టగానే పనిచేసింది. రెండోది, ఏ జిరాక్స్ షాపులో చూసినా కనిపించే చిన్న లేజర్ ప్రింటరే, పేరు చెప్పను, మొరాయించింది. పేజీని సొంతంగా తయారు చేసుకోలేని రకం అది. కంప్యూటరే పేజీని సిద్ధం చేసి, ఆ కంపెనీకి మాత్రమే తెలిసిన పద్ధతిలో పంపాలి. ఎవరో పుణ్యాత్ములు ఆ పద్ధతిని కనిపెట్టి రాసిపెట్టిన డ్రైవర్‌తో మూడు రోజులు కుస్తీ పట్టాం. ఇప్పుడు పదింట తొమ్మిదిసార్లు పలుకుతుంది.

ఆ తర్వాత చదివాను, ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొడవంతా మొదలైందే ఒక ప్రింటర్ దగ్గరట. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌కి కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. పాతదాంట్లో కాగితం ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఎదురుచూసే వాళ్ళందరి తెరల మీదా కబురు వచ్చేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ఏర్పాటు చేసుకున్నాడు. కొత్తదానికీ అలా చేద్దామంటే దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ అసలు రాత, ఆయనకి ఇవ్వలేదు. 1983లో ఆయన, ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. కాగితం ఇరుక్కున్న కోపం మనిషిని ఇంత దూరం తీసుకెళ్తుందా అని మా మేనల్లుడికి ఆశ్చర్యం. నాకు లేదు. హాల్ టికెట్లు వచ్చిన రోజు వచ్చి మా షాపులో కూర్చుంటే వాడికీ ఉండదు.

అసలు ముడి మాత్రం అక్షరాల దగ్గర ఉంది.

నేను పని నేర్చుకున్నది పేజీలు పెట్టే పేజ్‌మేకర్ మీద, అను అనే తెలుగు ఫాంట్లతో. అందులో కొట్టిన తెలుగు కంప్యూటర్‌కి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన చోట మన అక్షరాల ముక్కలు బొమ్మలుగా కూర్చుని ఉంటాయి. తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి. ఫాంట్ తీసేస్తే మిగిలేది పిచ్చిరాతలు. ఇరవై ఏళ్ళుగా తెలుగు టైప్ చేస్తున్నాననుకున్నాను. ఆ ఫైళ్ళలో వెతికితే ఒక్క "అ" కూడా దొరకదని అప్పుడు అర్థమైంది. నన్ను ఇన్నాళ్ళూ కట్టిపడేసింది విండోస్ కాదు, ఈ ఫైళ్ళు.

ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి యూనికోడ్. అందులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పరీక్ష పెడదామని శుభలేఖ మీద వేసే జానక్యాః శ్లోకం ఇచ్చాను. "విలసత్కుంద" దగ్గర కవత్తు ఎగిరిపోయింది, ఇంకోచోట రవత్తు పక్కింటికి వెళ్ళింది. కొన్ని వందల కార్డులకి కొట్టిన శ్లోకం, నోటికి వచ్చు, మళ్ళీ కొట్టేశాను. లినక్స్‌లోనూ నాకు అలవాటైన యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్ ఉంది కాబట్టి వేళ్ళకి పెద్దగా కష్టం కాలేదు. వారం రోజులు తడబడ్డాయి, అంతే.

ఫాంట్లు చూశాక మాత్రం మనసు నిండిపోయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన. సిలికానాంధ్ర వాళ్ళు అందరికీ ఇచ్చేసిన పెద్దన, సూరన్న, గిడుగు, గురజాడ, మండలి. తెలుగు పెద్దల పేర్లన్నీ ఒకే మెనూలో. పేజీలు పెట్టడానికి స్క్రైబస్ వాడుతున్నాను. 2024లో వచ్చిన 1.6లో వత్తులు సరిగా కూర్చుంటున్నాయి, అంతకుముందు 1.4తో మన లిపికి పని జరిగేది కాదు. పేజ్‌మేకర్ అంత చురుగ్గా ఉందా అంటే లేదు. రంగుల కార్డుకి ఇప్పటికీ నాకు రెట్టింపు టైం పడుతుంది.

లైబ్రరీ పిల్లలకి ఇవేవీ పట్టవు. ఒకబ్బాయి రెజ్యూమె పట్టుకొచ్చి తెర చూసి, "గిదేందక్కా, కొత్త విండోసా?" అన్నాడు. కాదు అన్నాను. "ఫైల్ అయితే ఓపెన్ అయితది కదా?" అయింది. అందులో వాడిన కాలిబ్రి ఫాంట్ లేకపోయినా దాని కొలతలతోనే చేసిన కార్లిటో ఉంది కాబట్టి రెండు పేజీలు రెండు పేజీలుగానే వచ్చాయి.

మూడో సిస్టమ్‌ని మార్చలేదు. పాత ఫైళ్ళ కోసం పేజ్‌మేకర్‌తో సహా అలాగే ఉంచి నెట్ వైరు పీకేశాను.

పోయిన వారం నల్లకుంట నుంచి ఒకాయన వచ్చారు. 2003లో ఆయన పెళ్ళి కార్డు నేనే చేశాను, ఇప్పుడు కూతురి పెళ్ళికి అదే కావాలట. మూలనున్న సిస్టమ్‌లో ఫైల్ దొరికింది. అది చూస్తూ పెద్దనలో మొత్తం కొత్తగా కొట్టాను. ఇదివరకైతే ప్రూఫ్ ఫొటోగా పంపేదాన్ని, వాళ్ళు ఫోన్ చేసి "మూడో లైన్లో రెండో మాట" అని చెప్పేవాళ్ళు. ఈసారి యూనికోడ్ కాబట్టి మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టాను. ఆయన ఫోన్‌లోనే దిద్ది పది నిమిషాల్లో తిప్పి పంపారు. మూడు తప్పులు. రెండు నావే, ఒకటి 2003 నుంచీ ఉన్నదట.