బోరు స్టార్టరు, లినక్స్ వర్క్‌క్యూ

అనంతపురం పల్లెల్లో త్రీఫేజ్ కరెంటు వచ్చే తీరు తెలిసిందే. వచ్చినట్టే వచ్చి, రెండు మూడుసార్లు పోయి, అప్పుడు నిలుస్తుంది. ఒక్కోసారి రెండు ఫేజులే ఉంటాయి. ఆ సమయంలో మోటారు ఆన్ అయితే వైండింగ్ కాలుతుంది. అందుకే ఆటో స్టార్టర్ కాసేపు ఆగి చూస్తుంది. ఇదే పని లినక్స్ బోర్డుతో చేయించాలనుకుందాం. కరెంటు వచ్చిన సంగతి జీపీఐఓ (బోర్డు పిన్ను) ఇంటరప్ట్, అంటే సీపీయూను వెంటనే పిలిచే సంకేతం, చెబుతుంది. మూడు ఫేజుల వోల్టేజీ ఐటూసీ (రెండు తీగల లైను) మీద ఉన్న చిప్ చెబుతుంది.

ఐటూసీ చదివేటప్పుడు కోడు నిద్రపోవచ్చు, అంటే జవాబు వచ్చేదాకా సీపీయూ వదిలి ఆగవచ్చు. ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్, అంటే ఇంటరప్ట్ హ్యాండ్లర్, నిద్రపోకూడదు. అక్కడే చదివేస్తే లాగ్‌లో 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' అని పడుతుంది. చదవడం ఒక్కటే అయితే థ్రెడెడ్ ఇంటరప్ట్ (నిద్రపోగల థ్రెడ్‌లో నడిచే హ్యాండ్లర్) చాలు, పనిని తర్వాత చేయమని కెర్నల్‌కు అప్పగించే వర్క్‌క్యూ దండగ. మనకు 5 సెకన్ల ఆలస్యం కూడా కావాలి కాబట్టి డిలేడ్ వర్క్, అంటే గడువు పెట్టి వర్క్‌క్యూలో వేసే పని.

హ్యాండ్లర్‌లో చాలామంది క్యూ_డిలేడ్_వర్క్ పిలుస్తారు. పని అప్పటికే పెండింగ్‌లో ఉంటే అది ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, టైమర్‌ను ముట్టదు. అంటే కరెంటు నాలుగో సెకనులో పోయి వచ్చినా, లెక్క మొదటి రాకనుంచే. కావలసింది మాడ్_డిలేడ్_వర్క్: పిలిచిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుంది, ఇంటరప్ట్‌లోంచి పిలిచినా ఇబ్బంది లేదు. గడువు జిఫీల్లో (కెర్నల్ గడియారం టిక్కుల్లో) ఇవ్వాలి, సెకనుకు ఎన్ని టిక్కులో హెచ్‌జెడ్ చెబుతుంది. నేరుగా 5000 అని రాస్తే హెచ్‌జెడ్ 1000 ఉన్న మెషీన్‌లో సరిగ్గా 5 సెకన్లే, 250 ఉన్న బోర్డులో 20 సెకన్లు. మిల్లీసెకన్లను జిఫీలుగా మార్చే ఎంసెక్స్_టు_జిఫీస్ వాడితే ఈ గొడవ ఉండదు.

సొంత క్యూ తెరవాల్సిన పని లేదు, సిస్టమ్ క్యూ సరిపోతుంది. 2.6.36 నుంచి క్యూలన్నీ కేవర్కర్ అనే ఉమ్మడి కెర్నల్ థ్రెడ్ల మీదే నడుస్తున్నాయి. ఒక వర్కర్ నిద్రపోతే కెర్నల్ ఇంకొకదాన్ని లేపుతుంది, కాబట్టి ఎంస్లీప్ (నిద్రపోతూ ఆగడం) పర్వాలేదు. ఎండిలేతో సీపీయూను పట్టుకు కూర్చుంటే మాత్రం ఆ సీపీయూ మీది మిగతా పనులు ఆలస్యం కావచ్చు.

ఇక్కడిదాకా తేలికే. డ్రైవర్‌ను దించేటప్పుడే కొంప మునుగుతుంది. డ్రైవర్ దిగేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో, పనిని రద్దు చేసే క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్ పిలిచి, తర్వాత ఇంటరప్ట్ వదిలారనుకోండి. ఆ రెంటి మధ్య కరెంటు ఒక్కసారి మిణుకుమంటే చాలు, హ్యాండ్లర్ పనిని మళ్లీ క్యూలో వేస్తుంది. మెమరీ ఫ్రీ అయ్యాక టైమర్ మోగుతుంది, కెర్నల్ క్రాష్ (ఊప్స్) అవుతుంది. ముందు ఇంటరప్ట్ వదిలే ఫ్రీ_ఐఆర్‌క్యూ, తర్వాత క్యాన్సిల్, చివర మెమరీ. ఈ వరుస తప్పకూడదు.

వరుస తెలిసినవాళ్లూ డెవ్ఎం (డ్రైవర్ తీసుకున్నవాటిని కెర్నలే వదిలే ఏర్పాటు) దగ్గర పడిపోతారు. డెవ్ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూతో తీసుకున్న ఇంటరప్ట్, రిమూవ్ ముగిశాకే పోతుంది. రిమూవ్‌లో మీరు ఎంత శ్రద్ధగా క్యాన్సిల్ చేసినా ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంటుంది. దీనికి కెర్నల్ 5.13 నుంచి, పనిని తనే రద్దు చేసే డెవ్ఎం_డిలేడ్_వర్క్_ఆటోక్యాన్సిల్ ఉంది. డ్రైవర్ మొదలయ్యే ప్రోబ్ ఫంక్షన్‌లో దాన్ని ఇంటరప్ట్ కన్నా ముందు పిలవండి. డెవ్ఎం చివర తీసుకున్నది మొదట వదులుతుంది కాబట్టి ఇంటరప్ట్ ముందు పోతుంది, పని తర్వాత ఆగుతుంది.

ఇంకొకటి మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒకరే పట్టుకోగల లాక్. క్యాన్సిల్ పేరు చివర సింక్ అంటే నడుస్తున్న పని ముగిసేదాకా ఆగుతుంది. మీరు పట్టుకున్న మ్యూటెక్స్ కోసమే ఆ పని ఎదురుచూస్తుంటే ఇద్దరూ అక్కడే. డ్రైవర్‌ను దించే ఆర్ఎంమాడ్ కమాండ్ డీ స్టేట్‌లో (చంపినా లేవని నిద్రలో) ఇరుక్కుంటుంది, మామూలు సెట్టింగులో 120 సెకన్లు దాటాక హంగ్ టాస్క్ సందేశం వస్తుంది. అప్పుడు ఆ కేవర్కర్ పిడ్ (ప్రాసెస్ నంబరు) పట్టుకుని ప్రాక్ ఫోల్డర్‌లోని స్టాక్ ఫైలు రూట్‌గా చూస్తే మ్యూటెక్స్_లాక్ దగ్గర ఆగిన ఫంక్షన్ పేరు కనిపిస్తుంది. లాక్ వదిలేశాకే క్యాన్సిల్ పిలవండి.