రేకు చుట్టిన ట్యూబులు

"ఆయ్, ఐసులోనే తెచ్చానండి!" అంటూ రొయ్యల థర్మోకోల్ డబ్బా బల్లమీద పెట్టిందా అమ్మాయి. అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడ, తొలి బస్సులో.

లోపల కణాలున్న ట్యూబులన్నీ అల్యూమినియం రేకులో, పులిహోర పొట్లాల్లా. కణాలకు అంటించిన రంగులు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి మరి. పక్క సీట్లో మామ్మగారు "టిఫినా అమ్మా?" అని అడిగారట.

ఆ రంగులు వెలిగే తీరునిబట్టి ఏ కణం ఏమిటో చెప్పే మిషన్, ఫ్లో సైటోమీటర్, మా కామన్ ల్యాబ్‌లో ఒక్కటే ఉంది. దానికోసమే వచ్చింది. కణాలు వరసగా ఒక్కొక్కటే లేజర్ ముందునుంచి పోతుంటాయి, సెకనుకి వేలల్లో. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ పిల్ల తెచ్చిన పని పూర్తయింది.

ఇలాంటి మిషన్ని ప్రతి డిపార్ట్‌మెంటూ సొంతంగా కొని గదికి తాళం వేసుకోవాలనే చూస్తుంది. (తాళం మాత్రం వెంటనే కొంటారు.) ఏ పరికరం ఎక్కడుందో వెతికి బుక్ చేసుకోడానికి కేంద్రం 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ పెట్టింది. మంచిదే. కానీ నన్నడిగితే మిషన్ కంటే దాన్ని నడిపే మనిషికే కరువు. కొనేటప్పుడు అందరూ ఉంటారు, టెక్నీషియన్ జీతం, సర్వీస్ కాంట్రాక్టు అనేసరికి ఫైలు కదలదు.

వచ్చేవారం భీమవరం నుంచి ఇద్దరొస్తున్నారు. సాయంత్రం కరెంటు తీస్తారట, పొద్దున్నే రమ్మన్నాను.