సంచిలో రెండు రాళ్ళు

మా నాన్న కిరాణా కొట్లో తూకం రాళ్ళన్నీ ఇనపవే. అయినా వాటిని రాళ్ళనే అనేవాళ్ళం. అరకిలో రాయి, పావుకిలో రాయి. అడుగున గుంటలో సీసం పోసి ఉండేది, తూనికల శాఖవాళ్ళు దానిమీదే ముద్ర కొట్టేవాళ్ళు. హీబ్రూలోనూ ఇదే వరస. ‘ఎబెన్’ అంటే రాయి, తూకం గుండుకీ అదే మాట. యూదా ప్రాంతపు తవ్వకాల్లో ఇలాంటివి చాలా దొరికాయి. సున్నపురాయివి, పైన గుండ్రంగా, అడుగు చదునుగా ఉంటాయి. వాళ్ళ తూకపు కొలత షెకెలు, దాని బరువు సుమారు 11 గ్రాములు, అంటే మన తులానికి దగ్గరదగ్గర. బైబిల్లో దాన్ని ‘తులము’ అని తెనిగించినవాళ్ళకు దండం పెట్టాలి.

ద్వితీయోపదేశకాండము 25:13 చూడండి: “హెచ్చుతగ్గులుగల వేరువేరు తూనికెరాళ్లు నీ సంచిలో నుంచుకొనకూడదు.” మూలంలో ఉన్నది ‘రాయీ రాయీ’ అని, అంతే. కొనేటప్పుడు బరువైనది తీస్తాడు, అమ్మేటప్పుడు తేలికైనది. రెండూ ఒకే సంచిలో ఉంటాయి.

లేవీయకాండము 19 పరిశుద్ధత గురించిన అధ్యాయం. “నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను” అన్నది అందులోదే. త్రాసు, తూము, పడి న్యాయంగా ఉండాలన్నదీ అందులోదే, అక్కణ్ణుంచి 18 వచనాలు దాటితే చాలు. ఐగుప్తులోనుంచి రప్పించిన దేవుణ్ణి నేనే అని యెహోవా గుర్తుచేసేది కూడా ఈ తూకాల దగ్గరే. ప్రేమ వచనం మన క్యాలెండర్లమీద ఉంటుంది. తూము వచనం వేసిన క్యాలెండర్ ఇంతవరకూ నా కంటబడలేదు.

తెకోవ ఊరి కాపరి, ప్రవక్త ఆమోసు తిట్టిన వ్యాపారులైతే ఆరాధన మానినవాళ్ళు కారు, అదే నన్ను భయపెడుతుంది. విశ్రాంతిదినాన కొట్టు మూశారు. మూసి, ఈ రోజు ఎప్పుడు గడుస్తుందా, గోదాములు ఎప్పుడు తెరుద్దామా, తూము ఎంత చిన్నది చేద్దామా అని లెక్కలేసుకుంటూ కూర్చున్నారు. చచ్చు ధాన్యం కూడా అమ్మేయాలని వాళ్ళ ఆలోచన (ఆమోసు 8:5, 6). ప్రసంగం రెండో గంటలో పడ్డాక గడియారం చూసే ముఖం నాకూ ఉంది కాబట్టి వాళ్ళను గుర్తుపట్టగలను.

సామెతలు 11:1లో దేవునికి ఇష్టమైనది “సరియైన గుండు”. హీబ్రూలో ‘ఎబెన్ షెలేమా’, అంటే కొరతలేని రాయి. మనం ‘సమాధానం’ అని చదువుకునే షాలోమ్‌ది కూడా ఆ ధాతువే.

పళ్ళెం కింద చింతపండు అంటించడం ఊళ్ళో అందరికీ తెలిసిన మోసమే. మా కొట్లో ఆ పని జరగలేదు గానీ, బెల్లం తూచీ తూచీ పాకం కారి సరుకు పళ్ళెం అడుగున గట్టిపడేది. రోజూ కొట్టు కట్టేసేముందు నాన్న పళ్ళెం బోర్లించి, గోరుతో గీకి, తడిగుడ్డతో తుడిచేవాడు. “మనం కావాలని అంటించింది కాదుగా నాన్నా” అన్నానోసారి. “తగ్గేది వాళ్ళకేగా” అన్నాడు, తల ఎత్తకుండానే.

నాకు కొట్టు లేదు, నెల జీతం. ఒకటో తారీఖు మధ్యాహ్నానికి జీతం పడకపోతే అకౌంట్స్‌కి ఫోన్ చేస్తాను. పోయిన నెల ఒక శనివారం ఒకతను మా దొడ్డి శుభ్రం చేశాడు. కూలి 700. సాయంత్రం అడిగితే “చిల్లర లేదు, సోమవారం రా” అన్నాను. మర్నాడు ఆరాధనలో కానుక కవర్లో 500 నోటు పెట్టాను. సోమవారం అతనొచ్చేసరికి నేను ఆఫీసులో ఉన్నాను.

ఆ రాత్రి లేవీయకాండములో తూకాల వచనం వెతుకుతుంటే దానికంటే ముందు 13వ వచనం కనబడింది: “కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనకూడదు.” నా జీతానికో రాయి, అతని కూలికో రాయి. అప్పటికి రెండు రాత్రులు దాటి మూడోది నడుస్తోంది.

పొద్దున్నే ఇల్లు కనుక్కుని వెళ్ళాను. అతను అప్పటికే పనికెళ్ళిపోయాడు. భార్య చెయ్యి కొంగుకు తుడుచుకుని నోట్లు అందుకుంది, గుమ్మంలో నిలబడే రెండుసార్లు లెక్కపెట్టుకుంది. “నిన్న కూడా వచ్చాడంట కదండీ” అంది.